మేజోళ్ళ కింద మోకాళ్ళు

ఆసుపత్రి గదిలో గున్నెల్, మోకాలు ఎంత వదులుగా ఉందో కొలిచే పరికరం పట్టీలు రోగి కాలికి బిగించి, పిక్కను ముందుకు లాగి, ముల్లు ఎక్కడ ఆగిందో చూసింది. తర్వాత రెండో కాలు. కిటికీ అవతల స్వీడన్ పడమటి తీరపు వాన ఉసూరుమంటూ పడుతూనే ఉంది.

మోకాలి లోపల తెగిన లిగమెంటు స్థానంలో కొందరు సర్జన్లు మోకాలిచిప్ప కింది నుంచి స్నాయువు ముక్క కోసి వేస్తారు, కొందరు తొడ వెనక నుంచి తీస్తారు. ఏది మేలో తేల్చాలని ఈ ఆసుపత్రిలో ఏళ్ళ తరబడి పోలుస్తున్నారు. కొలిచే మనిషి ఎటూ మొగ్గకూడదు కనుక కోత గుర్తు ఆమె కంటపడకూడదు. అందుకే వచ్చినవాళ్ళందరికీ రెండు కాళ్ళకీ తొడలదాకా మందపాటి మేజోళ్ళు. అవి కాస్త జారితే చాలు, గున్నెల్ గోడవైపు తిరిగిపోతుంది. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, ఈతకొలను దగ్గర కూడా ఎవరి మోకాళ్ళూ చూడదు. "నీకు గోడలు తప్ప మనుషులు కనపడరే!" అని పోయిన మొగుడు ఏడిపించేవాడు.

ఇవాళ వచ్చినవాడు ఇంగ్వార్, టైల్స్ వేసే మేస్త్రీ. ఓ ఆదివారం ఫుట్‌బాల్ ఆడబోయి మోకాలి మీదికి తెచ్చుకున్నాడు. ఇది అతని ఆఖరి కొలత.

"రాయిలా ఉంది ఇంగ్వార్. రెండో కాలికీ దీనికీ తేడా లేదు."

"మరి మోకాలి మీద కూర్చోలేనేం, సిస్టర్? టైల్స్ నిలబడి వెయ్యనా?"

"అది మేం కొలవం, నాయనా."

"కొలవరూ! అయితే చూడండి."

వద్దంటున్నా బల్ల దిగి నేలమీద మోకాళ్ళూనాడు. ముఖం పాలిపోయింది, మేజోడు జారింది. గున్నెల్ మెడ దానంతటదే గోడవైపు తిరిగింది. వెనక అతని మూలుగు వినిపించింది. ఆమెకు సిగ్గేసింది. ఇటు తిరిగి చూసింది. చిప్ప కింద నిలువు గాటు. చంకల కింద చేతులు వేసి అతన్ని లేపి కూర్చోబెట్టింది.

సర్జన్‌కు ఫోన్ చేసి, "నేను గుర్తు చూసేశాను. ఇతన్ని ఇంకొకరు కొలవాలి. మోకాళ్ళ మీద కూర్చోలేకపోతున్నాడు, అదీ రాసుకోండి" అంది.

"కొలత బాగానే ఉందిగా?"

"బాగానే ఉంది" అంది. ఏడుపొచ్చినంత పనైంది.

ఇంగ్వార్ ప్యాంటు తొడుక్కుంటున్నాడు. "ఇంకొకరెందుకు సిస్టర్? కొలతకి నేను పాసే. పనికే కదా ఫెయిలు! సోమవారం నుంచి గోదాములో బండి తోల్తాను. కూర్చుని చేసే పని."

సంచిలోంచి ఏవో తీసి కుర్చీ మీద పెట్టాడు. "పని దగ్గరికి వెళ్దామని తెచ్చుకున్నా. ఎవరికైనా ఇచ్చెయ్యండి."

గున్నెల్ గుమ్మందాకా వెళ్ళింది. అతను కుంటకుండా, నిటారుగా నడిచి వెళ్ళిపోయాడు.

కుర్చీ మీద అతని మోకాలి తొడుగులు వెల్లకిలా పడి ఉన్నాయి, అంచులకు ఎండిన సిమెంటు, మధ్యలో రెండు మోకాళ్ళంత గుంటలు.