ఊడ్చిన చేను

నా చీపురుకి నలభై ఏళ్ల పేరుంది. వీధిలో ఎవరి గుమ్మం ముందు ఎండుటాకు పడినా, "అమ్మో, పెద్దమ్మ చూస్తుంది!" అని ముందే ఏరేసేవాళ్లు. అలాంటి నా ఇంటికి చెత్త పోగేసే కోడలు వచ్చింది. ఏం చేస్తాం!

మాకున్నది గుట్ట వాలులో ఒక్క ఎకరం. కోత అవ్వగానే కోడలు చొప్ప, ఆకు, కలుపు అంతా చేలోనే పరిచేసేది. "వానకి మట్టి కొట్టుకుపోకుండా ఇదే కాపలా అత్తయ్యా. మూడేళ్లు ఆగండి, నేల నల్లబడుతుంది" అనేది. నల్లబడింది ముందు నా మొహమే! "మీ చేనుకి చీపురు లేదా?" అని దారిన పోయేవాళ్లు అంటుంటే తల కొట్టేసినట్టుండేది.

మూడో ఏడు కోడలు చెల్లెలి పురిటికని పది రోజులు వెళ్లింది. ఇక చూడండి నా సంబరం! చొప్పంతా గట్టు మీదికి లాగి తగలబెట్టాను. కింది మూలకి వచ్చేసరికి నడుం పట్టేసింది. మిగతాది రేపు చూద్దాంలే అనుకుని ఇంటికొచ్చాను.

ఆ సాయంత్రమే కుండపోత. తెల్లారి చూస్తే చేనంతా కాలవలు. నల్లమట్టి వాగులో కలిసి, ఎర్రటి గట్టి నేల తేలింది. మూడేళ్ల కష్టం! ఆ పిల్లకి ఏ మొహం పెట్టుకుని చెప్పను? తట్ట పట్టి, వాగు ఒడ్డున మిగిలిన మట్టి పైకి మోశాను. ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టే.

అలా మోస్తున్న నాలుగో రోజు, పురిటి నుంచి తిరిగొచ్చిన కోడలికి నెత్తిన తట్టతో దొరికిపోయాను.

"నేనే ఊడ్చానే అమ్మాయ్. తిట్టు."

తిట్టలేదు. చేనంతా చూసి, కళ్లు తుడుచుకుంటూ కింది మూలకి నడిచింది. చొప్ప ఎత్తింది. కింద నల్లటి మట్టి, వానపాములు. పైనుంచి జారిన మట్టి కూడా కొంత అక్కడే ఆగిపోయింది.

"ఈ మూల ఎలా మిగిలిందత్తయ్యా?"

"నడుం పట్టేసిందే."

ఏడుస్తున్న పిల్ల కాస్తా పకపకా నవ్వేసింది. "ఆ నడుముకి దండం పెట్టాలి! రండి, నూనె రాస్తాను. రేపు ఇక్కణ్నుంచే మళ్లీ మొదలెడదాం."

తిట్టినా బాగుండేది. ఆ మాటకి నాకు ఏడుపు ఆగలేదు.

మర్నాడు వీధిలో ఇంటింటికీ తిరిగి ఎండుటాకులు అడిగాను. చెత్త మూట నెత్తిన పెట్టుకుని వస్తుంటే పక్కింటావిడ నోరు తెరిచింది.

"పెద్దమ్మా, నీకేమైంది?"

"మా కోడలి చేను చలికి వణుకుతోంది. కప్పాలి, తప్పుకో."