నక్షత్రాలు ఆరిపోయాక సంగతి

మా మరిది మానవజాతిని కాపాడే పనిలో ఉన్నాడు. ఇప్పుడున్న మానవజాతిని కాదు లెండి, అది ఆయన స్థాయికి మరీ చిన్న పని. సూర్యుడు ఆరిపోయి, మిగతా నక్షత్రాలు కూడా ఒక్కొక్కటే కొడిగట్టి, విశ్వమంతా చీకటైపోయాక మనుషులు ఎలా బతకాలన్నది ఆయన బెంగ. కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు. ఆదివారం వస్తే ఆయన ఇంటి ముందుగదిలో సుదూర భవిష్యత్ సంఘం కూర్చుంటుంది. సంఘమంటే జుట్టు నెరిసిన మగవాళ్ళు కొందరు, ఒక తెల్లబోర్డు, ఆయన భార్య, అంటే మా చెల్లెలు, పెట్టే టీ.

నాకు స్కూలు యూనిఫాంలు కుట్టే షాపుంది. ఆదివారం షాపు మూసి చెల్లెలికి సాయంగా వెళ్తాను కాబట్టి ఆ ఉపన్యాసాలన్నీ నా చెవిన పడ్డవే. సూర్యుడు పోతే, మెల్లగా మండే చిన్న ఎర్ర నక్షత్రాల దగ్గరికి కాపురం మార్చాలట. అవీ పోతే బ్లాక్ హోల్స్ పక్కన చలి కాచుకోవాలట. అవి కూడా ఆవిరైపోయాక మనిషి ఒంటిని వదిలేసి ఉత్త ఆలోచనగా మిగలాలట. శక్తి ఖర్చు కాకుండా ఒక్క ఆలోచన చేసి, కోటానుకోట్ల ఏళ్ళు నిద్రపోయి, లేచి ఇంకోటి ఆలోచించాలట. ఆ చివరి మెట్టుకి మా మరిది ఎప్పుడో చేరుకున్నాడని నా అభిప్రాయం.

ఎందుకంటే మా చెల్లెలు అడిగింది నక్షత్రాల్ని కాదు, ఒక్క బిడ్డని.

సంఘానికో నియమం ఉంది. సభ్యులు పిల్లల్ని కనకూడదు. పిల్లలు పుడితే వాళ్ళ జ్వరాలు, వాళ్ళ చదువులు, వాళ్ళ బూట్లు. ఇక మానవజాతి గురించి పట్టించుకునేదెవరు? ఈ నియమం పెట్టింది అధ్యక్షుడు, కోల్డ్ స్టోరేజీలో పనిచేసి రిటైరైన ఇంజినీరు. చలి గురించి తనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదని ఆయన ధీమా. మా మరిది పెళ్ళికి ముందే సంతకం పెట్టి, పెళ్ళయ్యాక తీరిగ్గా చెప్పాడు. చెల్లెలు మొదట్లో నవ్వేసింది. తర్వాత అడిగింది, బతిమాలింది, ఏడ్చింది. "ఇప్పుడేం తొందర?" అనేవాడు. కోట్ల ఏళ్ళకు తక్కువ మాట్లాడని మనిషికి ఒక ఆడదాని పదేళ్ళు కంటికెక్కడ ఆనతాయి?

మొన్న గురువారం డాక్టరమ్మ దగ్గరికి తోడుగా నేనే వెళ్ళాను. ఆవిడ రిపోర్టులు పక్కన పెట్టి, ఇక ఆశ పెట్టుకోవద్దని మెత్తగానే చెప్పింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో చెల్లెలు కిటికీ వైపు మొహం తిప్పుకుని కూర్చుంది. నా నోటికి జడిసి గిరాకీలే బేరం ఆడరు, అలాంటి నేను ఆ రోజు కండక్టరు బాకీ పడ్డ చిల్లర కూడా అడగలేదు.

ఈ ఆదివారం సంఘం మొహం వేలాడేసుకుని కూర్చుంది. కోశాధికారి పోయిన నెల కన్నుమూశాడు. ఆయన కుర్చీలోకి మనిషి దొరకడం లేదు. కాలేజీ కుర్రాళ్ళని పిలిచి చూశారు గానీ, వాళ్ళు బిస్కెట్లు తిని వెళ్ళిపోయారు.

"మన తర్వాత ఈ సంఘాన్ని ఎవరు నడుపుతారు?" అన్నాడు ఇంజినీరు.

ఇన్నేళ్ళుగా ఆ గదిలో ఎవరికీ రాని అనుమానమది. వంటింటి గుమ్మంలో టీ ట్రే పట్టుకుని నేను నవ్వు ఆపుకోలేదు. ఆపుకోవాలనీ అనుకోలేదు.

"సభ్యుల పిల్లలెవరైనా..." అని ఒకాయన మొదలుపెట్టి, తనే నాలిక్కరుచుకున్నాడు.

చర్చించి చర్చించి నియమం ఎత్తేశారు. సంఘం కొనసాగాలి గనక ఇకనుంచి సభ్యులు పిల్లల్ని కనవచ్చని తీర్మానం. మిగతావాళ్ళ ఇళ్ళలో ఆ ముచ్చటకి వయసు ఎప్పుడో దాటిపోయింది. అందరి చూపులూ మా మరిది మీద వాలాయి. ఆయన పరీక్ష పాసైన వాడిలా వంటింట్లోకి వచ్చాడు.

"ఏమోయ్, ఒప్పుకున్నారు! వదినా, మీరూ వినండి."

"దేనికండీ?" అంది చెల్లెలు, సింకు దగ్గర్నుంచి తిరక్కుండానే.

"పిల్లలకి! ఇక మనం కనొచ్చు. ఏకగ్రీవం!"

"గురువారం చెప్పాను కదండీ. డాక్టరమ్మ ఇక కుదరదంది."

"నాకా? నాకెప్పుడు చెప్పావు?"

"మీరు బోర్డు మీద లెక్క వేస్తున్నారు. 'ఊఁ, తర్వాత చూద్దాం' అన్నారు."

మరిది చేతిలోని మార్కరు గట్టు మీద పెట్టాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. జాలి పడాల్సిందే, కానీ నాకు జాలి కలగలేదు. నా చెల్లెలి ఏడుపుకి ఆ మనిషి ఏనాడు బోర్డు మీంచి తల తిప్పాడు గనక?

"ఏమంటున్నారు మీ ఆవిడ?" ముందుగదిలోంచి ఇంజినీరు కేకేశాడు. "వారసుల కమిటీలో మీ ఇంటిని వేసుకోమంటారా?"

మరిది కదల్లేదు. చెల్లెలు చేతులైనా తుడుచుకోకుండా గుమ్మం దాకా వెళ్ళింది.

"మా ఇంట్లోంచి ఎవరూ రారండీ," అంది. మాట అందరికీ వినబడింది. "మేమిద్దరమే. మా తర్వాత ఎవరూ లేరు."

ఇంజినీరు ఆమె వైపు చూసి, పెద్దమనిషి తరహాలో తల పంకించి, పెన్ను మూత తీశాడు.

"సరేనమ్మా, మీరు బాధపడకండి," అన్నాడు. "ఈ అంశం వచ్చే ఆదివారానికి వాయిదా వేస్తున్నాం."