బిస్కెట్ల డబ్బా వైద్యం

ధర్మవరంలో మా వీధి నేతగాళ్లు ఏదీ పారేయరు. తెగిన పట్టుపోగును కూడా దాచి, అవసరం వచ్చినప్పుడు అతుకుతారు. మాత్రలనూ అట్లే దాచేవారు. డాక్టరు రాసిచ్చినవి ఒంట్లో కాస్త బాగుండగానే ఆపేసి, మిగిలినవి వీధిలోని ముసలావిడ ఉలిగమ్మ ఇంట్లోని బిస్కెట్ల డబ్బాలో వేసేవారు. ఎవరికి ఏ జబ్బు చేసినా ముందు ఆ డబ్బా దగ్గరికే పోయేవారు. ఉలిగమ్మ రంగు చూసి ఇచ్చేది.

ఈశ్వరప్పకు కుడిచేతి బొటనవేలి మీద సెగగడ్డ లేచింది. ఆ చెయ్యి ఆడితేనే మగ్గం ఆడుతుంది.

"ఎర్రగా వాచింది గదప్పా, ఎర్ర మాత్ర ఏసుకో" అంది ఉలిగమ్మ.

నొప్పి తగ్గగానే మానేశాడు. మళ్లీ లేస్తే పచ్చది మింగాడు. ఆ తర్వాత రెండు రంగుల గొట్టం మాత్ర. గడ్డ ప్రతిసారీ కాస్త అణిగి, ఇంకాస్త పెద్దదై వచ్చేది. ఆయన తువ్వాలుతోనే ముఖం తుడుచుకునే భార్య రామాంజినమ్మకు మెడ మీద ఇంకొకటి లేచింది. గడ్డల్లోనూ జంట విడవలేదని వీధి మురిసిపోయింది.

వేలు ఊదారంగుకు తిరిగి, వంగడం మానేశాక పెనుకొండ మీదుగా హిందూపురం వెళ్లారు. డాక్టరు నిషాత్ చీమును పరీక్షకు పంపింది. ఫలితం చూసి తల పట్టుకుంది.

"ఏమేం మాత్రలు వేసుకున్నావప్పా?"

"అన్నీ ఏసుకున్నా మేడం. యా మాత్రనూ చిన్నచూపు చూల్లేదు."

"అందుకే ఈ క్రిమికి అవేవీ పని చేయట్లేదు. ఒకటో రెండో మింగి ఆపితే మెత్తనివి చస్తాయి, మొండివి మిగుల్తాయి. పెరిగేది ఆ మొండివే."

"ధర్మవరం సరుకు మేడం. గట్టిగానే ఉంటాది."

"ఇంకొక మందుంది. దాన్నీ మధ్యలో ఆపావంటే వేలు తీసేయాల్సిందే."

ఈశ్వరప్ప నవ్వు ఆగిపోయింది.

ఇద్దరి గడ్డలూ కోసి చీము తీశారు. ఈశ్వరప్పను ఆసుపత్రిలో ఉంచి సూదులు వేశారు. ఇంటికి పంపేటప్పుడు మాత్రలిచ్చి, ఒక్కటీ మిగల్చకుండా మింగమన్నారు.

వాపు తీసిందని తెలియగానే ఉలిగమ్మ డబ్బాతో సహా పలకరించడానికి వచ్చింది.

"తగ్గిపాయ గదప్పా. మిగిలినవి ఇట్లెయ్యి. హిందూపురం మందు మన వీధిలో ఎవురి దగ్గరా లేదు."

ఈశ్వరప్ప చెయ్యి అలవాటుగా మాత్రల షీటు వైపు పోయింది. రామాంజినమ్మ చటుక్కున లాక్కుంది.

"ఏమవ్వా, నీకు మాత్రలు కావల్నా, ఈయప్ప వేలు కావల్నా?"

ఉలిగమ్మ నిజంగానే ఆలోచించింది. "వేలు ఇంకొకరికి పనికిరాదు గదమ్మే" అంది.

రామాంజినమ్మ ఆ పూట నుంచి ఎదురుగా కూర్చుని, నోరు తెరిపించి చూసి మరీ మింగించింది. వేలు నిలిచింది. ఈశ్వరప్ప మళ్లీ మగ్గం గుంతలోకి దిగాడు.

ఆ రోజే ఉలిగమ్మ వచ్చి ఖాళీ షీటు అడిగి తీసుకుంది.

"ఇదేం చేసుకుంటావవ్వా?"

"మందులంగట్లో చూపిస్తే ఇట్లాంటివే రెండు ఇస్తారు" అంటూ దాన్ని డబ్బాలో వేసి మూత పెట్టింది.