ఎడమ చేతి గోరింటాకు

గోరింటాకు రుబ్బుతున్నంతసేపూ షాహీనా పెదాలు కదులుతూనే ఉన్నాయి. చూసేవాళ్లు దువా చదువుకుంటోందనుకుంటారు. ఆమె నెమరేసుకుంటున్నది పిల్లల ఎదుగుదలలోని దశలు. మిక్సీలో వేస్తే ఎరుపు రాదని అత్త రహమత్‌బీ నమ్మకం కాబట్టి రోట్లోనే రుబ్బాలి. తెల్లారితే ఆదివారం. తొమ్మిదిన్నరకి విజయవాడలో డీఎస్సీ పరీక్ష. అదే రోజు మధ్యాహ్నం ఇక్కడ తిరువూరులో ఆడపడుచు తహమీనా పెళ్లి నిశ్చయం. విస్సన్నపేట నుంచి పెళ్లికొడుకు వాళ్లు పదిహేను మంది వస్తున్నారు.

నిశ్చయం ఒక్క వారం వెనక్కి జరపమని అడిగి చూసింది. "నీ పరీక్ష మళ్లీ వస్తుంది. ఇలాంటి సంబంధం మళ్లీ వస్తుందా?" అంది అత్త. భర్త జాకీర్ అయితే తన పరుపుల షాపులో దూది కూరుతూ తలెత్తకుండానే చెప్పాడు. "ఇదే ఆఖరు షాహీనా. మూడుసార్లు రాశావు, నేనేమన్నా అన్నానా? ఈసారి రాకపోతే షాపులో కూర్చుని దిండు గలీబులు కుట్టు. నాకూ ఒక మనిషి కలిసొస్తుంది."

నాలుగో ప్రయత్నం ఇది. పుట్టింట్లోగానీ అత్తింట్లోగానీ డిగ్రీ చదివిన మొదటి మనిషి తను. లారీ తోలిన తండ్రి కాలేషా, కూతురు టీచరవుతుందని కనిపించిన వాళ్లందరికీ చెప్పి, ఆ మాట నిజం కాకముందే పోయాడు. మొదటిసారి పరీక్షకి పిల్లాడు కడుపులో ఉన్నాడు. రెండోసారి అత్తకి కంటి ఆపరేషన్. మూడోసారి ఏమీ లేదు, అయినా చదవడానికి రోజులో మిగిలింది కుక్కరు కూతకీ కూతకీ మధ్య సందే. ఈసారి మాత్రం కోచింగ్‌లో దశరథరామయ్య సారు చెప్పినవన్నీ చెప్పినట్టే చేసింది. ఏడు నెలలు రోజుకి ఒక మోడల్ పేపరు రాసింది. తప్పు పోయినవి వేరే పుస్తకంలో రాసుకుంది. "చివరి రోజు కొత్తవి ముట్టుకోకండి. కడుపునిండా నిద్రపోండి, తేలిగ్గా తినండి, గంట ముందు చేరండి," అన్నాడాయన. కొత్తవి ముట్టుకోలేదు. మిగిలినవి ఆయన మగపిల్లలకి చెప్పినవేమో అనిపించింది.

సాయంత్రం ఆడవాళ్లంతా వసారాలో చేరారు. తహమీనా ఆమె చెయ్యి పట్టుకుని తిప్పి చూసింది. "ఈ చేతులతో ఎదురొచ్చావంటే మా అత్తగారు నిన్ను పనిమనిషనుకుంటుంది వదినా."

"అనుకోనీలే, తప్పేముంది," అంది షాహీనా. అందరూ నవ్వారు. హాస్యమనుకున్నారు.

హాల్‌టికెట్ తెచ్చి, వెనకవైపు అచ్చేసిన మాట చదివి వినిపించింది. చేతులకి గోరింటాకు పెట్టుకుని రాకూడదు. వేలిముద్ర పడదు.

"పెద్ద కోడలు బోసి చేతులతో తిరిగితే శుభమా?" అంది రహమత్‌బీ.

"రూల్సు సవాలక్ష రాస్తారమ్మా, ఎవరు చూడొచ్చారు?" అన్నాడు జాకీర్. "ఎడమ చేతికి పెట్టించుకో. మౌసు పట్టేది కుడిచేత్తోనేగా."

ఆ మాట ఆమెకీ సబబుగానే తోచింది. నిజం చెప్పాలంటే గొడవ పడే ఓపిక లేక సబబనుకుంది. ఎడమ చెయ్యి చాపింది. తహమీనా అరచేతిలో చందమామ దిద్ది, అయిదు వేళ్లకీ టోపీలు పెట్టింది.

తెల్లవారకముందే లేచి, బిర్యానీకి మసాలా నూరి, ఉల్లిపాయలు వేయించి, బియ్యం ఏరి పెట్టి తొలి బస్సెక్కింది. ఎనిమిదింటికల్లా సెంటర్ దగ్గర ఉంది. గేటు లోపల వరస కదిలింది. మిషను ముందు కూర్చున్న అమ్మాయి ముఖం చూడకుండానే అంది. "ఎడమ బొటనవేలు పెట్టండి."

షాహీనా కుడిచెయ్యి పెట్టబోయింది.

"ఎడమ, మేడమ్."

మిషను ఎర్రదీపం వేసింది. మళ్లీ పెట్టింది. మళ్లీ ఎరుపే. సబ్బుతో కడిగింది. గోడకేసి చర్మం మండేదాకా రుద్దింది. ఎంత రుద్దితే అంత ఎర్రగా తేలింది గోరింటాకు. "పక్కన నిలబడండి," అన్నారు. వెనకవాళ్లు ఒక్కొక్కరే దాటుకుని లోపలికి వెళ్లారు. సూపరింటెండెంటు రావాలి. ఆయనొచ్చాక పైవాళ్లకి ఫోన్ చెయ్యాలి. హామీపత్రం రాయించుకోవాలి, ఫొటో తీయాలి. ఆమె కంప్యూటర్ ముందు కూర్చునేసరికి అందరూ మొదలుపెట్టి యాభై నిమిషాలయింది.

ఏడవలేదు. సారు చెప్పినట్టే ఒక్కసారి నిండుగా ఊపిరి తీసుకుని, తెలిసినవి ముందు చేసింది. అన్నీ తెలిసినవే. అదే ఆమె గుండెని నలిపేసింది. ఒక్కో ప్రశ్నా ఇంటి మనిషిలా పలకరిస్తోంది, ఆగి మాట్లాడే టైము లేదు. తెర ఆగిపోయే వేళకి నలభై మూడు ప్రశ్నలు మిగిలాయి. తెలియక వదిలినవి కావు, అసలు కళ్లబడనివి.

ఇల్లు చేరేసరికి నాలుగు. విస్సన్నపేట వాళ్లింకా ముందుగదిలో ఉన్నారు. పెళ్లికొడుకు తల్లి పక్కకి జరిగి చోటిచ్చింది. "పరీక్షకెళ్లావంట గదమ్మా. ఎట్టా రాశావు?"

జాకీర్ అందుకున్నాడు. "మా ఆవిడ ప్రతిసారీ బాగానే రాస్తుందండీ. గవర్నమెంటే గుర్తుపట్టట్లేదు."

గది గదంతా నవ్వింది.

"చదివాను," అంది షాహీనా. గొంతు పెంచలేదు. "రాయనివ్వలేదు."

"అయ్యో, ఎవరమ్మా?"

"మా ఇంట్లోవాళ్లే."

నవ్వు ఆగింది. తహమీనా కొంగు సర్దుకుంది. జాకీర్ ఫోన్‌లోకి చూశాడు. షాహీనా నిలబడే ఉంది. ఎవరో ఒకరు అరుస్తారనీ, కాదంటారనీ ఎదురుచూసింది. రహమత్‌బీ నెమ్మదిగా అంది. "ముందు అందరికీ టీ పెట్టమ్మా. వీళ్లు చీకటిపడకముందే బయల్దేరాలి."

వెళ్లి పాలు పొయ్యి మీద పెట్టింది. పెళ్లయిన ఎనిమిదేళ్లుగా ఆమె ఒక్క మాట పట్టుకుని బతుకుతోంది. వీళ్లు చదువుకోనివాళ్లు, పరీక్షంటే ఏంటో తెలియనివాళ్లు, తెలిస్తే ఇలా చెయ్యరు అని. ఆ మాటతోనే ప్రతిసారీ వాళ్లని క్షమించింది, మళ్లీ పుస్తకం తెరిచింది. ఇప్పుడు ముందుగదిలో మళ్లీ మాటలు మొదలయ్యాయి, పెళ్లి ఏ నెలలో పెట్టుకోవాలా అని. మేమేం చేశామని ఒక్కరు కూడా అనలేదు.

వాళ్లకి తెలుసు. మొదటినుంచీ తెలుసు.