నికాసియో చూపించిన మచు పిచ్చు

నికాసియో ఇరవై ఆరేళ్ళు ఇంకాల కాలిబాట మీద బరువులు మోశాడు. టూరిస్టుల గుడారాలు, వంట గ్యాసు, చివరికి వాళ్ళు కూర్చుని కాఫీ తాగే మడత కుర్చీలు కూడా వీపు మీద వేసుకుని, టైరు చెప్పులతో కొండలెక్కి దిగాడు. ట్రిప్పు ముగించి ఊరు చేరిన ప్రతిసారీ ఇంటి ముందు జనం మూగేవారు. మొక్కజొన్న కల్లు, చిచా కుండ మధ్యలో పెట్టుకుని అతను మచు పిచ్చు కబుర్లు మొదలుపెట్టేవాడు. సూర్యుణ్ణి కట్టేసిన రాయి ఎంత ఎత్తుంటుందో, మూడు కిటికీల గుడిలో ఎండ ఎలా పడుతుందో, రాతిలో రెక్కలు చాపిన కాండోర్ పక్షి ఎలా ఉంటుందో కళ్ళకు కట్టినట్టు చెప్పేవాడు. వినేవాళ్ళు తాగడం మరిచిపోయి నోళ్ళు వెళ్ళబెట్టేవారు.

ఇందులో ఒక్కటే ఇబ్బంది. నికాసియో మచు పిచ్చులో ఏనాడూ అడుగు పెట్టలేదు.

అతనితో పాటు మోసినవాళ్ళలో చాలామంది పెట్టలేదు. ఆఖరి మజిలీ దగ్గర దారి రెండుగా చీలుతుంది. టూరిస్టులు కర్రలు టకటకలాడించుకుంటూ పైదారిన శిథిలాలకు పోతారు. కూలీలు గుడారాలు విప్పి, మూటలు కట్టి, కిందిదారిన రైలు పట్టాల దాకా పరుగు తీస్తారు. కూలీల రైలు ఎవరి కోసమూ ఆగదు. మరి అన్ని కబుర్లు ఎక్కడివంటే, భోజనాల గుడారంలో గైడు టూరిస్టులకు చెప్పేవి. పక్కన పళ్ళేలు కడుగుతున్న నికాసియో చెవిన పడ్డవి.

మోకాళ్ళు అరిగి పని మానేసిన దగ్గర్నుంచి భార్య ఫెలీసితాస్, ఆమె తమ్ముడు ఎవారిస్తో ఇద్దరూ పోరు పెట్టారు. ఆదివారం మన ప్రాంతం వాళ్ళని ఊరికే లోపలికి పంపుతున్నారు, ఒక్కసారి తీసుకెళ్ళి చూపించమని. ఒకసారి దుంపలు తవ్వాలన్నాడు, ఒకసారి అల్పకా ఈనేలా ఉందన్నాడు, మిగతా ఆదివారాలన్నీ మోకాళ్ళ మీదికి నెట్టేశాడు. చివరికి ఎవారిస్తో తనే వెళ్ళి వరసలో నిలబడి, స్థానికుల రైల్లో మూడు సీట్లు పట్టుకొచ్చాడు. ఇక తప్పించుకునే దారి లేకపోయింది.

రైలు కదలగానే ఎవారిస్తో ఎదురు సీటు ముసలామెతో మొదలుపెట్టాడు.

"ఈయన మా బావ. రెండొందల సార్లు వెళ్ళొచ్చాడు. ఏ రాయి ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పేస్తాడు."

"అయితే మీ వెనకే వస్తానయ్యా, గైడు ఖర్చు తప్పుతుంది" అందామె.

నికాసియో గబుక్కున మోకాళ్ళు పట్టుకున్నాడు. "నాకు మోకాళ్ళ నొప్పులమ్మా. మరీ మెల్లగా నడుస్తాను. మీకు ఆలస్యమైపోతుంది."

"మెల్లగా అయితే మరీ మంచిది నాయనా. నాకు డెబ్బై ఎనిమిదేళ్ళు."

అదృష్టం బాగుండి దిగాక ఆమె ముందు బస్సు ఎక్కేసింది. కానీ ఎవారిస్తో ఎక్కడికీ పోడు కదా. సంగతి తెలిసిందంటే వాడు ఊళ్ళో గడప గడపకూ మోస్తాడు. నికాసియోని చూసి అందరూ నవ్వుతారు, అది సరే. ఇరవై ఆరేళ్ళ చాకిరీకి అతనికి దక్కింది ఆ ఒక్క పేరే. అది కాస్తా పోతే మిగిలేవి అరిగిన మోకాళ్ళు. బస్సు మలుపు మలుపుకీ అతను ఇదే తలుచుకున్నాడు.

గేటు దాటి మెట్లెక్కి ఒక్కసారిగా ఆ గోడలన్నీ, ఆ మెట్ల పొలాలన్నీ, వాటి వెనక నిటారుగా లేచిన కొండ కంటబడేసరికి నికాసియోకి ఊపిరాగినంత పనైంది. వెంటనే తల తిప్పేసుకున్నాడు. మొదటిసారి చూస్తున్న సంగతి మొహంలో కనబడకూడదు. రోజూ చూసే గొర్రెల దొడ్డిని చూసినట్టు చూడాలి. అందుకని అసలు చూడ్డమే మానేసి గబగబా ముందుకు నడిచాడు.

"బావా, ఆ కాండోర్ పక్షి ఏదీ?"

దారి పక్కన పెద్ద బండ ఒకటి కనిపించింది. "అదిగో" అన్నాడు నికాసియో.

ఎవారిస్తో మెడ అటూ ఇటూ వంచాడు. "ముక్కు కనబడదేం?"

"పక్కకొచ్చి చూడు. అన్నీ నీ ఎదురుగా వచ్చి నిలబడతాయా ఏంటి?"

వాడు పక్కకెళ్ళి, వంగి, ఎట్టకేలకు కనబడిందన్నాడు. నికాసియో ధైర్యం తెచ్చుకుని ఎడమకు తిరగబోయాడు. కాపలా కుర్రది ఈల ఊదింది.

"తాతా, అటు దారి లేదు! బాణం గుర్తు చూసి నడవాలి."

"మా కాలంలో ఇటే ఉండేది" అని గొణిగి వెనక్కొచ్చాడు.

బాణం గుర్తులు పట్టుకుని నడవగా నడవగా ఒక గుహలాంటి చోటికి వచ్చారు. ఒక గైడు తన గుంపుతో అంటున్నాడు, "ఇదే కాండోర్ గుడి. నేల మీద తల, వెనక రెండు రెక్కలు."

నిజమే. ముక్కుతో సహా ఉంది. ఎవారిస్తో మెల్లగా ఇటు తిరిగాడు.

"బావా, మరి ఇందాకటిది?"

నికాసియో గడ్డం గోక్కున్నాడు. "అది ఆడది. ఇది మగది."

"విన్నావా అక్కా!" అన్నాడు ఎవారిస్తో పొంగిపోతూ. "గైడ్లకి కూడా తెలీని సంగతి!"

ఫెలీసితాస్ టోపీ సర్దుకుంటూ కొండలవైపు తిరిగింది. నికాసియో గట్టెక్కాడు గానీ మనసు కుదుటపడలేదు. ఇంతకాలం వాడు అనుమానిస్తాడనే భయపడ్డాడు. వాడు నమ్మేస్తుంటే ఇంకా కష్టంగా ఉంది.

పొలాల అంచున, లోయ కనబడే చోట ఎవారిస్తో ఆగాడు. సంచిలోంచి కోకా ఆకులు తీసి, చిరుగు లేనివి మూడు ఏరి, బావ చేతిలో పెట్టాడు. వాడి కళ్ళు తడిగా ఉన్నాయి.

"నువ్వే పిలువు బావా. రెండొందల సార్లు నిన్ను ఇక్కడ క్షేమంగా నడిపించినందుకు కొండదేవర అపుకి మనందరి తరఫునా దణ్ణం చెప్పు."

ఆకుల మీద ఊది దేవరని పిలవడం వాళ్ళ ఆచారం. నికాసియో ఆకులు పెదాల దగ్గరికి తీసుకున్నాడు. ఎదురుగా మంచుకొండ దేవర. చిచా కుండ దగ్గర ఎన్ని కోతలైనా కొయ్యొచ్చు. ఆకులు చేత పట్టి అపు ఎదుట నిలబడి అబద్ధమాడినవాడు వాళ్ళ వంశంలో లేడు. ఊదబోయాడు, ఊపిరి రాలేదు. చెయ్యి దించేశాడు.

"నేనిక్కడికి రావడం ఇదే మొదలురా" అన్నాడు.

"ఏంటీ?"

"ఇరవై ఆరేళ్ళూ కిందిదారినే పోయాను, రైలు అందుకోవాలని. చెప్పినవన్నీ పళ్ళేలు కడుగుతూ విన్నవే. ఆడపక్షీ లేదు, పాడూ లేదు."

మాట్లాడింది ఫెలీసితాస్.

"నాకెప్పుడో తెలుసు."

"తెలుసా? ఎప్పట్నుంచి?"

"మోతకెళ్ళిన రెండో ఏట నుంచి. మొదట చెప్పినప్పుడు ఆ పక్షి తల తూర్పుకుంది. తర్వాత పడమటికి తిరిగింది. రాతిపక్షి అలా తిరుగుతుందా?"

"మరి అడగలేదేమే?"

"భుజాలు పుళ్ళు పడి వచ్చేవాడివయ్యా. రెండ్రోజులు పలకరిస్తే పలికేవాడివి కాదు. ఆ కబుర్లు మొదలెట్టాకే నవ్వేవాడివి. అది కూడా లాక్కోనా?"

నికాసియో కళ్ళు తుడుచుకున్నాడు. విచిత్రంగా సిగ్గు వెయ్యలేదు. హాయిగా ఉంది. ఇన్నేళ్ళలో ఇంత హాయిగా ఎప్పుడూ లేడు.

"నీ దుంపతెగ బావా!" అన్నాడు ఎవారిస్తో చివరికి. "ఇందాక ఆ బండ దగ్గర లిమా నుంచి వచ్చినవాళ్ళకి కూడా చూపించానయ్యా, ఇది కాండోర్ అని! పాపం, పిల్లల్ని నిలబెట్టి నాలుగు ఫొటోలు తీసుకున్నారు!"

ముందు ఫెలీసితాస్ ఫక్కుమంది. తర్వాత ముగ్గురూ గోడకు ఆనుకుని పొట్టలు పట్టుకుని నవ్వారు. కాపలా కుర్రది మళ్ళీ ఈల ఊదింది.

నవ్వు తగ్గాక నికాసియో ఆకులు పైకెత్తాడు. "అపూ, నేను నికాసియోని. మొదటిసారి వచ్చాను. వీళ్ళు నా వాళ్ళు" అని ఊదాడు. ఈసారి ఊపిరి సాఫీగా వచ్చింది. అప్పుడు శిథిలాలవైపు తిరిగి, గోడ మీద చేతులానించి నిలబడ్డాడు.

"అయితే బావా, రేపు ఊళ్ళో ఏం చెబుతావు?" అన్నాడు ఎవారిస్తో. "చెప్పు, ముందు మాకు చెప్పు. ఎలా ఉంది?"

నికాసియో తల తిప్పలేదు.

"ఉండరా, చూడనీ."