ఎర్రలైటుంటే ముట్టకు

“శకుంతలా! ఎర్రలైటు!”

మంచం మీద నుంచి అత్తమ్మ లక్ష్మీనర్సమ్మ కేక వేసేసరికి శకుంతల అన్నం వారుస్తున్నది. గంజి గిన్నె పక్కకు పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని వెనక వరండాలోకి నడిచింది. ఎనిమిది గంటల డ్యూటీకి ఇంకా తల దువ్వుకోలేదు, టిఫిన్ డబ్బా కట్టుకోలేదు. ఆ ఇంట్లో ఎర్రలైటు వెలిగితే చూడటానికి ఆరు కళ్లున్నాయి గానీ ఆర్పడానికి చేతులు మాత్రం రెండే. భర్త మల్లికార్జున్ ఆ వరండాలోనే కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నాడు. లైటుకు ఆయన మోకాలు జానెడు దూరంలో ఉంది.

“అమ్మ పిలుస్తాంది,” అన్నాడు పేపరు మడవకుండానే.

ఆ లైటు పిల్లిది. పిల్లి అత్తమ్మది, పేరు సుక్కి. రెండేళ్ల కింద మల్లికార్జున్ స్కూటర్ వెనక్కి తీస్తుంటే చక్రం కింద దాని కాలు పడింది. అప్పటి నుంచి అది మెట్లు దిగలేదు. ఇల్లేమో వరంగల్ కాశిబుగ్గలో మేడ మీది అద్దె వాటా. పిల్లి ఎక్కడికి పోతుంది? వరండాలో తట్టనిండా ఇసుక పోసి పెట్టారు. పెట్టింది అందరూ, ఎత్తింది శకుంతల. పొద్దున్నే కాఫీ డికాక్షన్ కన్నా ముందు ఆ వాసనే ఆమె ముక్కుకు తగిలేది.

ఏడాది ఓపిక పట్టి ఒకరోజు భర్తతో అన్నది: “పొద్దుగాల ఒక్కపూట మీరు ఆ తట్ట ఎత్తి పోయరాదుండ్రి. రెండు నిమిషాల పని.”

మల్లికార్జున్ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ల్యాబ్ చూసుకుంటాడు. పెళ్లాం మాటను ఆయన తేలిగ్గా తీసుకోలేదు, ఆ ఒక్కటీ ఒప్పుకోవాలి. గంభీరంగా తల పంకించి, “నువ్వు ఫికర్ చెయ్యకు. దీనికి పర్మనెంట్ ఇలాజ్ చేస్త,” అన్నాడు. అన్నవాడు రెండు నిమిషాల పని తప్పించుకోవడానికి ఆరునెలలు కష్టపడ్డాడు. పాత సామాన్ల దుకాణంలో లారీ వైపర్ మోటారు తెచ్చాడు, చెక్కపెట్టె కొట్టించాడు, రేకు పళ్లెం చేయించాడు. ఆ ఆరునెలలు తట్ట ఎవరెత్తారని అడగకండి.

చివరికి మిషను తయారైంది. పిల్లి పని కానిచ్చి దిగిపోయిన ఐదు నిమిషాలకు ఇనుప పళ్ల దంతె ఒకటి గుర్రుమంటూ కదిలి, ఇసుకను దువ్వి, మురికిని చివరనున్న డబ్బాలోకి నెడుతుంది. పైన వరసగా మూడు చిన్న బల్బులు. గోడకు ఒక కాగితం, మల్లికార్జున్ ముత్యాల్లాంటి చేతిరాతలో: పచ్చలైటు, అంతా మంచిగున్నది. పసుపు లైటు, డబ్బా నిండింది. ఎర్రలైటు ఆరుతూ వెలుగుతుంటే దంతె ఇరుక్కున్నది, స్విచ్చి ఆర్పకుండా చెయ్యి పెట్టరాదు. చూడవచ్చిన ప్రతివాళ్లకూ ఆయన చెప్పేది ఒక్కటే మాట. “దానంతటదే చేస్కుంటది. మా శకుంతలకు ఇప్పుడు పనే లేదు.”

దానంతటదే! శకుంతలకు ఆ మాట వింటే ఒళ్లు మండేది. డబ్బా దానంతటదే పెంటకుప్ప దాకా నడిచిపోతుందా? తడిసిన ఇసుక దానంతటదే డాబా మీదికెక్కి ఎండుతుందా? దంతె పళ్లకు పట్టింది ఎవరు గీకుతారు? ఆ మాటకొస్తే ఈ ఇంట్లో బియ్యం దానంతటదే ఉడుకుతుంది, బనీను దానంతటదే తెల్లబడుతుంది, అత్తమ్మ మందుసీసా దానంతటదే నిండుతుంది. తట్ట ఉన్నప్పుడు రోజుకు ఒక్కసారి వంగేది. మిషను వచ్చాక ఎర్రలైటుకొకసారి, పసుపు లైటుకొకసారి. పోనీ ఎర్రలైటు వెలిగినప్పుడల్లా దంతె ఇరుక్కుంటుందా అంటే అదీ లేదు. ఇసుక చెమ్మగా ఉంటే కింది రేకుపట్టీకి అంటుకుని ఉత్తినే వెలుగుతుంది. పట్టీని పిన్నీసుతో గీకితే ఆరిపోతుంది. వారం రోజులు వెంటపడి ఆ సంగతి కనిపెట్టింది శకుంతలే. చెబితే మల్లికార్జున్ నవ్వాడు. “నీకు సర్క్యూట్ సంగతి ఏం తెలుసు?” అన్నాడు. పది రోజుల తర్వాత స్నేహితులు వచ్చినప్పుడు, “చెమ్మ పట్టకుండ చూస్కోవాలె, అదే దీని కిటుకు,” అని ఆయనే చెబుతుంటే ఆమె టీ కప్పులు పట్టుకుని గుమ్మంలో నిలబడి విన్నది.

ఏం తెలుసంటే, లైట్లే తెలుసు. ఎనిమిదేళ్లుగా వరంగల్ టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ట్రంకు బోర్డు ముందు కూర్చుంటున్నది. లైటు వెలిగితే త్రాడు గుచ్చాలి, మాట్లాడాలి, కలపాలి. హైదరాబాదు లైను అందకపోతే అవతలి పెద్దమనిషి తిట్టే తిట్లు తినాలి. “కూసుండి లైట్లు చూసే నౌకరే గదా, దానికే అలిసిపోతావా?” అనేవాడు భర్త. చెడిపోయిన లైను లైటు బోర్డు మీద ఊరికే వెలుగుతూ కళ్లల్లో పొడుస్తుంటే, బాగుచేసేవాళ్లు వచ్చేదాకా ఆడవాళ్లు ఒక ఉపాయం చేసేవాళ్లు. నుదుటి మీది బొట్టుబిళ్ల తీసి దాని మీద అంటించేవాళ్లు. సరిగ్గా సరిపోయేది. ముసురు రోజుల్లో వాళ్ల బోర్డు చూస్తే పేరంటానికి వచ్చిన ముత్తయిదువలా ఉందని అందరూ నవ్వుకునేవాళ్లు.

ఇక బక్కమ్మ సంగతి చెప్పాలి. బక్కమ్మ వెనక సందులో ఉంటుంది. మగడు పోయాక వీళ్లదీ కలిపి ఐదిళ్లల్లో గిన్నెలు తోముతూ, మిగిలిన పొద్దు మగ్గం నేసే సాలోళ్ల ఇండ్ల కోసం రాట్నం మీద రంగునూలు కండెలు చుడుతుంది. ఒకరోజు డ్యూటీకి ఆలస్యమవుతుంటే శకుంతల, “బక్కమ్మా, ఇయ్యాల ఒక్కనాడు ఆ పిల్లిడబ్బా పారబోయవా?” అన్నది. ఒక్కనాడు రెండు రోజులైంది, రెండు రోజులు రోజూ అయింది. పిల్లిది నేను ముట్టనమ్మా అని బక్కమ్మ అనలేదు. అనే సందు శకుంతల ఇవ్వలేదు. కాగితం మీది రాత బక్కమ్మకు రాదు కనుక నోటితోనే నేర్పింది. “ఎర్రలైటుంటే ముట్టకు, నన్ను పిలువు. ఎరుపు లేకుంటే చెయ్యి పెట్టొచ్చు.” మూడుసార్లు చెప్పించుకున్నది. బక్కమ్మ బడిపిల్లలా చేతులు కట్టుకుని అప్పజెప్పింది.

ఆ ఏడు శ్రావణంలో ముసురు పట్టి వదల్లేదు. ఇసుక ఎండే దారి లేదు. ఎర్రలైటు పొద్దంతా కొట్టుకుంటూనే ఉన్నది, అత్తమ్మ పొద్దంతా కేకలు పెడుతూనే ఉన్నది. సోమవారం నాడు పిన్నీసుతో నాలుగోసారి గీకి లేచిన శకుంతలకు నడుము పట్టేసింది. ఎక్కడో తిక్క రేగింది. నుదుటి మీది బొట్టుబిళ్ల తీసి టపీమని ఎర్రబల్బు మీద అంటించి లోపలికి వచ్చింది. కేకలు ఆగిపోయాయి. “మిషను దారికొచ్చినట్టుంది,” అన్నది అత్తమ్మ. ఆ రెండు రోజులు ఇంట్లో ఎంత హాయిగా ఉన్నదో! ఆ హాయిలో శకుంతల బక్కమ్మకు ఒక్క మాట చెప్పడం మరిచిపోయింది.

బుధవారం పొద్దున ఆమె పప్పు తాలింపు పెడుతుంటే వరండాలోంచి అరుపు వినబడింది. ఉరికింది. ఈసారి దంతె నిజంగానే ఇరుక్కున్నది. బక్కమ్మ పైకి చూసింది, ఎరుపు లేదు. పచ్చ కూడా లేదు గానీ ఆమెకు నేర్పింది ఎరుపు గురించే. డబ్బా తీయబోయి అడ్డంగా ఉన్న గడ్డను కదిలించేసరికి దంతె ఒక్క ఊపున వచ్చి కుడిచేతి మీద పడింది. శకుంతల స్విచ్చి ఆర్పి, దంతె ఎత్తి, చెయ్యి బయటికి తీసింది. నడిమివేలు కొస గోరుతో సహా నలిగిపోయింది. పక్కవేలు చీలి ఎముక తెల్లగా కనబడుతున్నది.

అప్పుడు శకుంతల ఏం చేసిందో చెప్పాలంటే ఆమెకే నోరు రాదు. అత్తమ్మ కర్ర చప్పుడు దగ్గరికి వస్తున్నది. స్నానాల గదిలో మల్లికార్జున్ తలుపు గొళ్లెం తీస్తున్నాడు. బక్కమ్మ మోచెయ్యి పట్టుకుని గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నది. ఆ ఒక్క క్షణంలో శకుంతల బల్బు మీది బిళ్ల గోటితో పీకి నుదుటికి అంటించుకున్నది. ఆ తర్వాతే గుడ్డ కోసం వెతికింది.

మల్లికార్జున్ వచ్చి, నెత్తురు చూసి, “అరెరే,” అని, ముందుగా వెళ్లి స్విచ్చి వేశాడు. ఎర్రలైటు టక్ టక్ మని కొట్టుకున్నది. “లైటు మంచిగనే పనిచేస్తాంది గదా! గంత ఎర్రగ కొట్టుకుంటె చెయ్యెట్ల పెట్టినవు?”

బక్కమ్మ కళ్లు తెరిచి ఆ లైటు వంక చూసింది. “నాకు కనబడలే సారూ,” అన్నది. “నాదే తప్పు.”

దవాఖానలో ఏడు కుట్లు వేశారు. వేలి కొస తీసేశారు. రిక్షాలో పక్కన కూర్చుని శకుంతల ఎన్నిసార్లు నోరు తెరిచిందో, అన్నిసార్లు మూసుకున్నది. మర్నాడు అత్తమ్మ పిట్టగోడ దగ్గర నిలబడి పక్కింటి సమ్మమ్మతో, “దానికి కండ్లు మసకబారినయమ్మా, పాపం, ఎర్రలైటు కనబడలేదట,” అన్నది. చెడ్డతనంతో అన్న మాట కాదు. కానీ ఆ మాట వారం తిరగకుండా సందంతా తిరిగింది. మూడిళ్లవాళ్లు బక్కమ్మను రావద్దన్నారు. కళ్లు కనబడని మనిషి తోమిన గిన్నెలో ఏం మిగులుతుందో అని వాళ్ల భయం.

శకుంతలకు అన్నం సయించలేదు. చెప్పేస్తే అయిపోతుంది కదా అని రోజూ అనుకునేది. చెబితే ఏమవుతుందో కూడా తెలుసు. “చూసినవా, నా మిషన్ల తప్పు లేదు, నీ బుద్ధిలనే ఉన్నది,” అంటాడు ఆయన. ఆ గెలుపు ఆయనకు ఇవ్వడం ఇష్టంలేక నోరు మూసుకున్నానని నాలుగు రోజులు తనకు తాను సర్దిచెప్పుకున్నది. ఐదోరోజు అది కూడా అబద్ధమే అని తెలిసిపోయింది. ఆయన తట్ట ఎత్తకుండా మిషను చేశాడు, సరే. మరి నేనేం చేశాను? ఆ మిషను కింద బక్కమ్మ చెయ్యి పెట్టించాను. డ్యూటీ నుంచి వచ్చేసరికి డబ్బా కడిగి బోర్లించి ఉంటే, అది దానంతటదే అయిందన్నట్టు చూడకుండా లోపలికి పోయాను. ఆయన మీద కోపం నిజమే, కానీ ఆ కోపం చాటున దాక్కున్నదాన్ని నేనే కదా అనుకుని, బోర్డు ముందు కూర్చుని ఒక లైనుకు బదులు ఇంకో లైను కలిపింది. సూపర్వైజరు మెమో ఇచ్చాడు.

పదకొండో రోజు ఆదివారం. కాలేజీ ప్రిన్సిపాల్ కిషన్ రావు గారు మిషను చూడటానికి వస్తున్నారు. నచ్చితే కాలేజీ తరఫున ఎగ్జిబిషనుకు పంపిస్తారట. మల్లికార్జున్ పొద్దున్నే గోడమీది కాగితం తీసి కొత్తది అంటించాడు. కింద ఒక వాక్యం పెరిగింది: చదువురాని వారు ముట్టరాదు.

“మిర్చిలు చెయ్యి. మంచి చీర కట్టుకో,” అన్నాడు. “సారు ఏమన్న అడిగితే, ఇది వచ్చినంక నాకు పనే లేకుండ అయింది అని చెప్పు. ఆ బక్కమ్మ ముచ్చట ఎత్తితే నేను చూస్కుంట. కండ్లు కనబడని మనిషి అంటే అయిపోయె.”

శకుంతల శనగపిండి కలుపుతున్న చెయ్యి కడుక్కున్నది. “కొత్తిమీర లేదు, తెస్త,” అని మెట్లు దిగింది.

బక్కమ్మ గడప మీద కూర్చుని ఉంది. రాట్నం మూలకు జరిపి, మీద గోనెపట్టా కప్పి ఉంది. ఒళ్లో నాలుగు కండెలు పెట్టుకుని ఎడమచేత్తో ఒక్కొక్కటే ఎత్తి వెలుతురుకు పట్టి చూస్తున్నది. శకుంతలను చూసి లేవబోయింది.

“కూసో, కూసో.”

“అమ్మా, మంచిగొచ్చినవు. గిది ఎర్రదే గదా?”

“ఎర్రదే బక్కమ్మా.”

“మరి గిది కనబడుతాంది. ఆ దినం గది ఎందుకు కనబడలే?” కండెను కింద పెట్టింది. “వచ్చిపోయేటోళ్లందరిని అడుగుతాన్న. అందరు ఎర్రదే అంటరు. పోగు తెగితే నాకు తెలుస్తదో లేదో అని రాట్నమే ముట్టుడు బందువెట్టిన.”

శకుంతల గడప కింద మట్టిలోనే కూర్చున్నది. చీర మాస్తుందన్న సంగతి గుర్తుకు రాలేదు.

“నీ కండ్లు మంచిగనే ఉన్నయి బక్కమ్మా. లైటు మీద నేనే బొట్టుబిళ్ల అంటించిన. నీకు చెప్పుడు మరిచిన. నీ చెయ్యి నలిగినంక అది తీసి మళ్ల మొఖానికి పెట్టుకున్న.”

బక్కమ్మ ఆమె మొహం వైపు చూసింది.

“నేను నాదే తప్పన్నప్పుడు, నీకు యాదికి లేదా అమ్మా?”

“ఉన్నది.”

“రిక్షాల?”

“అప్పుడు సుత ఉన్నది.”

అవతలింట్లో మగ్గం ఆడుతున్నది. బక్కమ్మ ఎడమచేత్తోనే కండెలు నాలుగూ ఏరి గూట్లో పెట్టింది. కొంగు దోపుకుని లేచింది.

“నాకొక్కదానికి చెప్తే ఏమొస్తదమ్మా? గుడ్డిదన్న మాట మీ ఇంట్లకెల్లే వచ్చింది. వద్దన్న మూడిండ్లల్ల నీ నోటితోనే చెప్పాలె. లే. ముందుగాల ఎవలింటికి పోదాం?”

“మా ఇంటికే,” అన్నది శకుంతల లేస్తూ. “ఈపాటికి ప్రిన్సిపాల్ సారుతోటి అందరొచ్చి కూసుంటరు.”