బావ బాగానే ఉన్నాడట

మిసిసిపీ నది వెనక్కి తన్ని యాజూ పొలాలన్నిటినీ ముంచిన వరద వచ్చి మూడో ఏడు. ఆ ఏడు పత్తి విత్తే రోజుల్లో మా బావ ఓజెల్ టార్ప్లీ గుండె మీద విచారణ జరిగింది.

గుండె మీద విచారణ ఏమిటని అనుకోవచ్చు. యుద్ధంలో మా సైన్యమే మా నెత్తిన ఆకులు రాల్చే మందు చల్లింది. అడవి ఎండిపోయింది. తరవాత మాలో కొందరి గుండె నాళాలు పూడుకుపోయాయి. నలభై ఏళ్ళు సర్కారువాళ్ళు అది మీ ఖర్మ అన్నారు. ఆఖరికి, సరే, అది యుద్ధం తెచ్చిన జబ్బే, భరణం ఇస్తామన్నారు. బావ అర్జీ పెట్టాడు. జబ్బు ఉంది గాని చిన్నదే, పని చేసుకోగలడు అని తేల్చారు.

ఆ చిన్న జబ్బుతోనే బావ బెల్జోని దగ్గర క్యాట్‌ఫిష్ చేపలు పెంచే చెరువుల మీద మేత బస్తాలు మోస్తున్నాడు. ఈ పని మానకపోతే గట్టు మీదే పోతావని, ఛాతీ కోసి కుట్టిన డాక్టరు చెప్పేశాడు. పూర్తి భరణం వస్తే మానతాడు. రాకపోతే మోస్తాడు. అందుకే అప్పీలు.

చిన్నదని ఎందుకు తేల్చారో మా అక్క వెర్డెల్ చెప్పింది. భరణం ఆఫీసువాళ్ళు పరీక్షకు పిలిస్తే బావ చర్చి సూటు తొడుక్కున్నాడు. బూట్లు మెరిపించుకున్నాడు. డాక్టరమ్మ చిన్నపిల్ల.

"ఎలా ఉన్నారు?" అంది.

"చాలా బాగున్నానండి. దేవుడి దయ."

"ఇంటి ముందు గడ్డి మీరే కోస్తారా?"

"నేనేనండి."

"మిషను నెట్టుకుంటూనా?"

"అవునండి."

అంతే. మిషను నెట్టగల గుండె అని రాసుకుంది.

"మధ్యలో ఏమవుతుందని అడగనే లేదురా," అంది అక్క. "ఒక్క వరస నెట్టి మెట్ల మీద కూలబడతాడు. మిగతాదంతా నేను నెడతాను. పక్కింటివాళ్ళు చర్చికి పోయిన పూట చూసుకుని మరీ నెడతాను, ఈయనగారి పరువు కోసం."

బావ అబద్ధాలకోరు కాదు. మా వైపు దొరల పొలాల్లో పుట్టిన నల్లవాడికి అది ఉగ్గుపాలతో పట్టిన మాట. దొర వచ్చి ఎలా ఉన్నావురా అంటే బాగున్నానండి అనాలి. ఒంట్లో బాగాలేదన్నవాడి గుడిసెలోకి వారం తిరక్కుండా ఇంకో కూలివాడి కుటుంబం దిగేది. బావ వాళ్ళ నాన్న పత్తి సాళ్ళ మధ్య పడిపోయాడు. మూతి వంకరపోతోంది. ఆ మూతితోనే బాగున్నానండి అన్నాడు. నేను చూశాను. ఇదంతా ఏ డాక్టరమ్మ రాసుకుంటుంది?

విచారణ జాక్సన్‌లో. నా పాత ట్రక్కులో ముగ్గురం ఇరుక్కుని బయలుదేరాం. బావ మళ్ళీ ఆ సూటే వేసుకున్నాడు.

"ఇవాళ మాత్రం బాగున్నానని అనకు బావా."

"అననురా."

"ఒట్టు?"

"మీ అక్క మీద ఒట్టు."

"నా మీదెందుకు? నీ గాలం కర్ర మీద వేసుకో. దానికైతే విలువిస్తావు," అంది అక్క.

విచారణ గదిలో జడ్జి లేడు. ఎక్కడో దూరం ఊళ్ళో ఉండి గోడమీది టీవీలో కనిపించాడు. మా తరఫున మాట్లాడటానికి పాత సైనికుల సంఘం నుంచి మిస్ హోలిఫీల్డ్ వచ్చింది. ప్రమాణం చేయించారు. జడ్జి మర్యాదస్తుడే. కళ్ళద్దాలు సర్దుకుని, "టార్ప్లీ గారూ, ఎలా ఉన్నారు?" అన్నాడు.

బావ లేచి నిలబడ్డాడు.

"చాలా బాగున్నానండి."

అక్క నుదురు కొట్టుకుంది. మిస్ హోలిఫీల్డ్ పెన్ను కింద పెట్టేసింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. బావ మీద కాదు. నేను ఎక్కువ మాట్లాడేవాణ్ణి కాను. ఆ రోజు లేచాను.

"అయ్యా, నేనో మాట చెప్పాలి."

"మీరెవరు?"

"హోసియా బ్రాసెల్. ఇతని బావమరిదిని. నేనూ ఆ యుద్ధానికి పోయినవాణ్ణే."

నాతోనూ ప్రమాణం చేయించి, చెప్పమన్నారు.

"ఎలా ఉన్నావంటే ఇతను బాగున్నాననే అంటాడండి. శవపెట్టెలో పడుకోబెట్టి అడిగినా అదే అంటాడు. ఇతనికి పేరు రాయడం కూడా సరిగ్గా రాదు. ఆ సంగతి తెలిసే యుద్ధానికి పట్టుకుపోయారు. అప్పుడు ఎలా ఉన్నావని ఎవరూ అడగలేదు. మందు చల్లినప్పుడు నీమీద పడిందా అని అడగలేదు. ఇప్పుడేమో గడ్డి కోస్తావా అని అడుగుతున్నారు! అడిగినవాళ్ళు ఒక్కసారి మా ఊరొచ్చి, ఆ గడ్డి ఎవరు కోస్తున్నారో చూశారా? ఇతను బస్తా ఎత్తాక పెదాలు ఏ రంగుకు తిరుగుతాయో చూశారా?"

"కూర్చోరా హోసీ," అన్నాడు బావ పళ్ళు బిగబట్టి. "పదిమందిలో నా పరువు తీస్తావా?"

"తీస్తాను. నిన్ను పూడ్చేటప్పుడు పక్కన పెట్టడానికా ఆ పరువు?"

జడ్జి చెయ్యెత్తాడు. "టార్ప్లీ గారూ, మీరు చెప్పండి. గడ్డి మొత్తం మీరే కోస్తారా?"

బావ అక్క వైపు చూశాడు.

"లేదండి. సగం మా ఆవిడ కోస్తుంది."

"సగమా?" అంది అక్క.

"ముప్పాతిక," అన్నాడు బావ. అని కూర్చున్నాడు. నడివీధిలో చొక్కా విప్పించినట్టు ఉంది అతని మొహం.

గెలిచామనుకున్నాను. జడ్జి ఏదో రాసుకున్నాడు. "ఈ సంగతులు మొదటి పరీక్షలో లేవు. మళ్ళీ పరీక్ష చేయించమని కింది ఆఫీసుకు తిప్పి పంపుతాను," అన్నాడు. టీవీ ఆరిపోయింది.

"ఎన్నాళ్ళు పడుతుంది?" అని మిస్ హోలిఫీల్డ్‌ని అడిగాను.

"ఏడాది. ఇంకా ఎక్కువే పట్టొచ్చు."

"ఈలోగా?"

ఆవిడ కాగితాలు సంచిలో సర్దుకుంది. పాపం, ఆవిడేం చేస్తుంది? ఒక మనిషి పుట్టి బుద్ధెరిగాక ఎవరికీ చెప్పని మాట నోరు విప్పి చెబితే, సంతోషం, వెళ్ళి మళ్ళీ మొదటినుంచి రా అన్నారు. వాళ్ళకు తొందరేముంది? చచ్చేది వాళ్ళా?

తిరుగు దారిలో యాజూ సిటీ దాటాం. అప్పుడు బావ, "మళ్ళీ ఆ డాక్టరమ్మే వస్తే?" అన్నాడు.

అక్క గొంతు సన్నం చేసి, "ఎలా ఉన్నారండీ?" అంది.

"బాగు..."

మోచేత్తో పొడిచింది. "ఎలా ఉన్నారండీ?"

"అంత బాగా... లేదండి." బావ మొహం చిట్లించాడు. "చర్చిలో బూతు మాట అన్నట్టుందే."

"రోజూ పొద్దున లేవగానే అను. అలవాటవుతుంది."

"ఏడాది ఎంతలో తిరిగొస్తుంది బావా," అన్నాను.

"దానికేం, తిరిగొస్తుంది. నేను ఉండాలిగా," అన్నాడు.

మర్నాడు తెల్లవారగానే చెరువుల దగ్గరికి వెళ్ళాను. బావ మేత బండి పక్కన నిలబడి చేతి తొడుగులు వేసుకుంటున్నాడు. మేస్త్రీ నన్ను ఎగాదిగా చూశాడు.

"నీకేం పనయ్యా ఇక్కడ?"

"ఇతని బావమరిదిని. బండి ఇతను నడుపుతాడు. బస్తాలు నేను మోస్తాను."

"ఇద్దరికి జీతం ఇవ్వరు."

"అడిగానా?"

"నీ నడుం విరుగుతుందిరా ముసలోడా," అన్నాడు బావ.

"నువ్వు బండెక్కు," అన్నాను. వంగి మొదటి బస్తా భుజాన వేసుకున్నాను.